సీమ డబ్బా

1974 ఫిబ్రవరి 6, బుధవారం

చివరి రోజు సంగతి రాసిపెడుతున్నాను. ఇప్పటికే ఒక్కొక్కరు ఒక్కోరకంగా చెప్పుకుంటున్నారు. జరిగింది ఇది.

జనవరి 24, గురువారం. పొద్దున అలమేలు అర గ్లాసు కాఫీ తాగింది. ఆయాసం ముందురోజు కంటే తక్కువగానే ఉంది. డాక్టరు వచ్చి చూసి, సేలం తీసుకెళ్లమని మళ్లీ అన్నాడు. ఆమె వద్దని తల ఊపింది. తన గుండె సంగతి ఆయనకంటే ఆమెకే బాగా తెలుసు. నేను కాలేజీకి సెలవు పెట్టాను. గాలి వస్తుందని మంచం వసారాలో వేయించాను. అత్తమ్మ తలాపున కూర్చుంది. నేను రాగానే లేచి తలుపు వెనక్కి పోయింది, ఎప్పటిలాగే.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. అలమేలు కళ్లు తెరిచి నన్ను చూసింది.

"సీమ డబ్బా మూత గట్టిగా ఉందా, చూసినారా?" అంది.

"చూస్తాలే."

"ఇప్పుడే చూడండి."

వంటింట్లోకి వెళ్లాను. స్టవ్వు పక్కన కిరోసిన్ డబ్బా ఉంది. మూత వదులుగానే ఉంది. బిగించాను. చేతికి వాసన అంటింది. ఆ చేత్తో ఆమెను ముట్టుకోవడం ఇష్టం లేక పెరట్లోకి వెళ్లి సబ్బుతో కడుక్కున్నాను. వాసన ఒక పట్టాన పోలేదు. మళ్లీ కడుక్కున్నాను. తిరిగి వచ్చేసరికి అత్తమ్మ తలుపు వెనక లేదు. మంచం దగ్గర ఉంది. నన్ను చూసి కూడా లేచి వెళ్లలేదు.

అంతే.

మాకు పిల్లలు లేరు. కర్మలన్నీ నేనే చేశాను. ఇరవై రెండేళ్ల కాపురం. ఆమె చివరి మాట కిరోసిన్ గురించి.

ఫిబ్రవరి 7

ఇది తెలుగులో రాస్తున్నాను. మా వీధిలో సగం ఇళ్లలో మాట్లాడేది తెలుగే. బడిలో నేర్పేది తమిళం, తెలుగు చదవగలిగేవాళ్లు లేరు. చిత్తూరులో చదువుకున్నాను కాబట్టి నాకు అబ్బింది. అలమేలు నా రాత చూసి "ఏమిది, మురుకులు చుట్టినట్ల ఉండాది" అనేది. నేర్పుతానంటే, తినేవైతే నేర్చుకుంటానంది.

ఎవరూ చదవరు. అదొక సౌకర్యం.

ఫిబ్రవరి 9

రేషన్ షాపు. కిరోసిన్ లేదు. సోమవారం రమ్మన్నారు.

ఫిబ్రవరి 11, సోమవారం

లేదు. గురువారం రమ్మన్నారు. అరబ్బులు నూనె ధర పెంచితే ధర్మపురిలో నేను క్యూలో నిలబడాలి. మనుషులకు బదులు డబ్బాలు వరుసలో పెట్టి, మనుషులు నీడన కూర్చున్నారు. డబ్బాను ఎవరో వెనక్కి జరిపారని ఇద్దరు ఆడవాళ్లు కొట్టుకునేదాకా వచ్చారు.

కిరోసిన్‌ను షాపులో తమిళంలో మణ్ణెణ్ణె అంటారు. మా ఇళ్లలో సీమెన్నె. అలమేలు చివరి రోజున దాన్ని ఇంకా కుదించి సీమ అంది. ఊపిరి చాలక అయ్యుండాలి. ఇప్పుడు నేనూ సీమ డబ్బా అనే అంటున్నాను. ఎందుకో తెలియదు. ఆ డబ్బాను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఫిబ్రవరి 17, ఆదివారం

బావమరిది సీనప్ప కడత్తూరు నుంచి వచ్చాడు. తల్లిని తీసుకెళ్తానన్నాడు.

"నువ్వా ఒంటిగా ఉండావు. అమ్మ ఇక్కడ ఉంటే నీకూ కష్టం, ఆమెకూ కష్టం. పిలుచుకొని పోతాను బావా."

తలుపు వెనక నుంచి అత్తమ్మ, "నేను రాను" అంది.

"ఎందుకు రావు?"

"పని ఉండాది."

"ఏం పని?"

"ఉండాది."

సీనప్ప నావైపు చూశాడు. నాకు తెలిస్తే కదా. అతను కాఫీ తాగి, అసలు సంగతికి వచ్చాడు.

"సీమకు పోతావంటనే? కడత్తూరు సంతలో కూడా అదే మాట."

"సీమ కాదు. యూరప్."

"రెండూ ఒకటే కదా, దొరలుండే చోటు. తలదివసం, ఏడాది తద్దినం, కాకముందు సముద్రం దాటకూడదు బావా. ఏడాది తిరిగేదాకా కొండ కూడా ఎక్కకూడదు. ఇది నేను కట్టిన మాట కాదు, పెద్దోళ్లు చెప్పిండేది."

"పోతానని నేను ఎవరితో అన్నాను?"

"పోనని కూడా ఎవురితోనూ అనలేదు కదా."

యూనివర్సిటీ వారు డిసెంబరులో నన్ను ఎంపిక చేశారు. ఎం.ఏ. విద్యార్థులను వేసవిలో యూరప్ తీసుకెళ్లి, బస్సులో దేశాలు తిప్పి, అక్కడి విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పిస్తారట. తోడుగా ఇద్దరు అధ్యాపకులు. అందులో నేనొకణ్ణి. డిసెంబరులో నాకు పట్టింపు ఉండేది. ఇప్పుడు లేదు. పోయినా ఒకటే, పోకపోయినా ఒకటే.

మార్చి 1

రెండో సంవత్సరం క్లాసు. వియన్నా మహాసభ. నెపోలియన్ ఓడాక రాజులంతా కూర్చుని యూరప్ పంచుకున్న పాఠం. పద్దెనిమిదేళ్లుగా చెబుతున్నాను, పుస్తకం తెరవనవసరం లేదు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, వియన్నాలో రోడ్డుకు ఎడంపక్కన పోవాలా, కుడిపక్కన పోవాలా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

నాకు తెలియదు. కూర్చోమన్నాను.

అలమేలు కూడా ఇలాగే ఆటపట్టించేది. "వియన్నాలో యా రాజు యా కుర్చీలో కూర్చున్నాడో చెప్తారు. మన ఊళ్లో వాము యా అంగట్లో దొరుకుతాదో చెప్పండి చూద్దాం."

అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు.

మార్చి 11

అత్తమ్మా నేనూ ఇన్నేళ్లలో ఎదురెదురుగా మాట్లాడుకోలేదు. అల్లుడి ముందు నిలబడి అత్త మాట్లాడదు. మా ఇళ్లలో అంతే. మధ్యలో అలమేలు ఉండేది. "అన్నం పెట్టనా అని అడుగు" అని లోపలి నుంచి వినిపించేది. నాకు వినిపించిందని ముగ్గురికీ తెలుసు. అయినా అలమేలు నావైపు తిరిగి, "అమ్మ అన్నం పెట్టనా అంటాంది" అనేది. నేను "పెట్టమను" అంటే అటు తిరిగి, "పెట్టమంటాండారు" అనేది. ఒక్కోసారి కావాలని మాట మార్చేది. నేను చాలంటే, ఇంకో గరిటె అడిగానని చెప్పేది.

ఇప్పుడు పొద్దున పూట పనిమనిషి మారమ్మ మోస్తుంది మాటలు. ఇవాళ గిన్నెలు కింద పెట్టి, "నాకు రెండు జీతాలియ్యాలయ్యా. ఒకటి అంట్లు తోమేదానికి, ఒకటి మాటలు మోసేదానికి" అంది.

మారమ్మ వెళ్లిపోయాక అత్తమ్మ రోలుతో మాట్లాడుతుంది. "పొద్దు ఎక్కిపాయె. తినేవాళ్లు తినొచ్చు." నేను గోడ గడియారంతో అంటాను, "కాసేపాగి."

ఇలా ఎన్నాళ్లు?

మార్చి 20

పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబుల్ వచ్చాడు. నేను పోతానని చెప్పకుండానే ఈ పనులన్నీ వాటంతట అవి నడుస్తున్నాయి. డిసెంబరులో కదిపిన చక్రం, ఎవరూ ఆపరు. పేరు, వయసు, ఉద్యోగం. పెళ్లయిందా అన్నాడు. అయిందన్నాను. ఇంట్లో వాళ్లను ఒకసారి పిలవండి సార్ అన్నాడు. గోడవైపు చూపించాను. పటానికి వేసిన దండ ఎండిపోయి ఉంది. అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

దండ మార్చాలి.

మార్చి 21

మార్చాను.

ఏప్రిల్ 5

యాత్ర కార్యక్రమం అచ్చువేసి పంపారు. మే 25న మద్రాసు నుంచి విమానం. రోము, ఫ్లారెన్సు, వెనిసు, వియన్నా, మ్యూనిక్, పారిసు. జులై మొదట్లో తిరిగి రావడం. చివర ఒక గమనిక: మాంసం తిననివారు తమ ఏర్పాట్లు తాము చూసుకోవడం మంచిది.

నేను తినను. డిసెంబరులో అలమేలు ఇదే అడిగింది. అక్కడ ఏం తింటారు అంది. రొట్టె అన్నాను. "అన్ని దినాలూ రొట్టేనా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నన్నే చూస్తూ కూర్చుంది. జనవరిలో పండుగకు ముందు వారం ఇంటి నిండా ఇంగువ వాసన. ఏం చేస్తున్నారని నేను అడగలేదు. వంటింటి సంగతి అడిగే అలవాటు నాకు లేదు.

కార్యక్రమం సొరుగులో పెట్టాను. సాయంత్రం తీసి మళ్లీ చదివాను. వెనిసులో ఒక్క పూటే ఉంటారట. ఒక్క పూటలో ఏం చూస్తారు? బుద్ధి ఉన్నవాడు వేసిన పథకం కాదు.

నాకెందుకు?

ఏప్రిల్ 20, శనివారం

సీనప్ప మళ్లీ వచ్చాడు. ఈసారి ఒక గంప కొత్త చింతపండు తెచ్చాడు. అత్తమ్మ లోపలి నుంచి, "కొత్తది దేనికి పనికొస్తాది? పాతది ఉంటే తేరాదా" అంది. అతను తల గోక్కున్నాడు. తర్వాత నాతో మళ్లీ సముద్రం గొడవ.

మారమ్మ వసారా కడుగుతూ విన్నది. "గాల్లో పోతే దాటినట్లేనా సీనప్పన్నా? కాకి మన ఇంటి మీద పోతే, మన ఇంట్లోకి వచ్చినట్లా?" అంది.

"నువ్వు సుమ్మా ఉండు, మారీ. నిన్నెవురు అడిగినారు?"

"ఎవురూ అడగల్యా. ఎవురూ అడగరనే కదా నేను చెప్పేది."

నాకు నవ్వు వచ్చింది. చాలా రోజులకు. సీనప్ప మొహం చూసి మింగేశాను.

పోతూ పోతూ గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మ ఏమనుకుంటాదో అది ఆలోచించు బావా. కూతురు పోయి ఏడాది కాలేదు. అల్లుడు ఊర్లు చూసేదానికి పోయినాడంటే ఆమె పానం ఎట్లుంటాది?"

తలుపు వెనక అత్తమ్మ ఉంది. గాజుల చప్పుడు వినిపించింది. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ మౌనం నాకు అర్థమైంది. ఆమె కడత్తూరు ఎందుకు పోకుండా ఉందో కూడా అర్థమైంది. నేను గడప దాటకుండా కాపలా.

ఏప్రిల్ 26

అత్తమ్మ గదిలో దీపం పోయింది. బల్బు మార్చడానికి వెళ్లాను. ఆమె బయటికి పోయి నిలబడింది. పాత బల్బు చేయి జారి మంచం కిందికి దొర్లింది. వంగి చూస్తే అక్కడ తెల్లగుడ్డ కట్టిన డబ్బా ఒకటి. చెయ్యి పెట్టబోయేసరికి బయట నుంచి గట్టిగా దగ్గింది. మందులేమో. బల్బు తీసుకుని వచ్చేశాను.

మే 6, సోమవారం

రాలేనని ఉత్తరం రాసి పోస్టు చేశాను. ఇంటి పరిస్థితులు అని రాశాను. ప్రిన్సిపాల్‌కు చెబితే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇలాంటిది మళ్లీ రాదు, రంగరాజు సార్. ఒక్కసారి ఇంట్లో అడిగి చూడండి" అన్నాడు. ఇంట్లో ఎవరిని అడగాలి?

పెద్దావిడ మనసు నొప్పించడం ఇష్టం లేక మానుకున్నాను. అంతకు మించి ఇందులో ఏమీ లేదు.

మే 7

మనసు తేలికగా ఉంది.

మే 8

నిన్న రాసింది కొట్టేయాలి. వద్దు, ఉండనీ.

రైళ్లన్నీ ఆగిపోయాయి. దేశమంతా సమ్మె.

మే 16, గురువారం

మద్రాసు నుంచి తంతి. రైళ్లు లేవు కాబట్టి బస్సులో రావాలట, 24 సాయంత్రానికి అక్కడ ఉండాలట. నేను రాలేనని రాసిన సంగతే వాళ్లకు తెలియదు. తంతి పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లాను. పోస్టుమాస్టరు మాదప్పన్ చల్లగా విన్నాడు.

"మీ ఉత్తరం మొరప్పూరు స్టేషన్ దాటి ఉండదు సార్. మూటలన్నీ అక్కడే పడి ఉన్నాయి."

"అయితే నాది నాకు తిరిగి ఇప్పించండి. తంతి ఇస్తాను."

"సీలు వేసిన మూట విప్పకూడదు సార్."

"ఆ మూట పోదు. విప్పరు. మరి నా ఉత్తరం ఎక్కడ ఉన్నట్టు?"

"పోస్టులో ఉన్నట్టు."

అతని తప్పేమీ లేదు. అయినా అరిచాను. క్యూలో నా పాత విద్యార్థి ఒకడు ఉన్నాడు. తల దించుకున్నాడు. పోవడానికీ నా ఇష్టం అక్కర్లేదు, మానడానికీ నా ఇష్టం చాలదు. తంతి ఫారం తీసుకున్నాను. రెండు మాటలు: రావడం లేదు. అక్కడే రాసి ఇచ్చేయవచ్చు. జనం ఎక్కువగా ఉన్నారని ఇంటికి తెచ్చాను.

మే 17

తంతి ఇవ్వలేదు. రేపు.

మే 18, శనివారం

ఇవాళ ఒక మంచి పని చేశాను. రంపపుపొట్టుతో మండే పొయ్యి కొన్నాను. ఇక కిరోసిన్ క్యూ లేదు, స్టవ్వు లేదు, ఆ వాసన లేదు. మారమ్మను పిలిచి గట్టిగానే చెప్పాను.

"ఆ సీమ డబ్బా ఇక నా కంటబడకూడదు. ఎవరికైనా ఇచ్చెయ్. ఇవాళే."

"నిజంగానే అంటాండారా అయ్యా? ఈ కరువులోనా? సగం ఉండాది."

"సగం ఉన్నా, నిండా ఉన్నా. దాని మొహం చూడలేను."

"మరి నేనే ఎత్తుకొని పోతాను. తర్వాత అడిగితే ఇయ్యను, ఇప్పుడే చెప్తాండాను."

తలుపు వెనక ఏదో గిన్నె కిందపడింది. మారమ్మ డబ్బా ఎత్తుకుని వీధిన అందరికీ కనబడేలా వెళ్లింది. సగం డబ్బా కిరోసిన్ మీద ఇంత ఊరేగింపు.

ఇంట్లో గాలి మారినట్టుంది. ముందే చేయాల్సింది.

మే 19, ఆదివారం

అత్తమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. నాకు వడ్డించి గదిలోకి పోతోంది. రోలుతో కూడా మాట్లాడడం లేదు. మారమ్మను పంపి అడిగించాను. "ఏడుస్తా ఉందయ్యా. అడిగితే చెప్పల్యా" అంది.

కిరోసిన్ ఇచ్చేస్తే ఏడవడమా? పొయ్యి తెచ్చాను కదా. ఈ ఇంట్లో ఏ మాట ఎవరికి ఎలా తగులుతుందో నాకు తెలియదు. తెలిసిన మనిషి లేదు.

మే 20, సోమవారం

తంతి ఇవ్వడానికి బయలుదేరాను. చెప్పులు వేసుకుంటుంటే వెనక అడుగుల చప్పుడు. మారమ్మ ఇంకా రాలేదు. తిరిగి చూస్తే అత్తమ్మ. తలుపు వెనక కాదు, తలుపు దాటి, వసారాలో, నా ఎదుట. చేతుల్లో తెల్లగుడ్డ కట్టిన డబ్బా.

"మీరు ఇచ్చెయ్యమంటిరి," అంది.

ఎవరితో అంటోందని అటూ ఇటూ చూశాను. నేను తప్ప ఎవరూ లేరు.

"దేన్ని?" అన్నాను. ఇరవై రెండేళ్లలో ఆమెతో నేనన్న మొదటి మాట.

"సీమ డబ్బాని. ఆ పిచ్చి మారి తెలియక సీమెన్నె ఎత్తుకొని పోయింది. మీరు చెప్పింది దీన్ని కదా. రెండు దినాలు చూసినాను. నా చేత్తో ఇయ్యలేను. ఎవురికియ్యాల్నో మీరే ఇచ్చుకోండి నాయినా."

"ఏమిటిది?"

ఆమె అప్పటిదాకా నేలవైపు చూస్తోంది. తలెత్తి నా మొహం చూసింది.

"అలమేలు చెప్పలేదా మీకు?"

బల్ల మీద పెట్టి గుడ్డ విప్పింది. మూత తీసింది. ఇంగువ. వేయించిన మెంతులు. నువ్వుల నూనె. పాత చింతపండుతో దగ్గరగా కాచిన పులిహోర పులుసు, నల్లగా, పైన వేలు మందాన నూనె తేలి. పండుగకు ముందు వారం ఇంటి నిండా ఉన్న వాసన అదే.

"సీమలో తినేదానికి ఏమీ దొరకదంట, రొట్టే తినాలంట, ఈయన అడిగి తినే మనిషి కాదు అనింది. మే నెలకి కదమ్మా, ఇప్పుడేమి తొందర అంటిని. మే నెలకి నేనుంటానో లేదో అనింది. పీట మీద కూర్చొని అది చెప్పింది, నేను కలియబెట్టినాను. అన్నానికైతే ఇంత నూనె వద్దు. రొట్టెకి పూసుకోవాల కదా అని పోయించింది."

నేను చెప్పులు విప్పి కూర్చున్నాను. ఆమె నిలబడే ఉంది.

"మూత సరిగ్గా కుదరల్యా. అదే దిగులు దానికి. గాలి పోతే బూజు పడతాదని దినామూ అడిగేది, సీమ డబ్బా మూత గట్టిగా ఉందా అమ్మా అని. ఆ పొద్దు మిమ్మల్ని అడిగింది. డబ్బా అప్పుడు వంటింట్లో అటక మీద ఉండె. మీరు లోపలికి పోయి వచ్చినారు. చూసినారనుకున్నాను."

నేను డబ్బా మూత వైపు చూశాను.

"తర్వాత నేనే గుడ్డ కట్టి నా మంచం కింద పెట్టుకున్నాను. మీరు అడుగుతారని చూస్తా ఉండాను. అడగల్యా. పోయేదానికి ఇష్టం లేదేమో, ఇంత చేసింది అది ఊరికే చేసిందేమో అనుకున్నాను."

"మీకు ఇష్టం లేదనుకున్నాను," అన్నాను.

"నాకా?" అత్తమ్మ గొంతు మొదటిసారి లేచింది. "నేను యాల ఇక్కడ కూర్చొని ఉండానని అనుకుంటిరి? దీన్ని మీ చేతిలో పెట్టి కడత్తూరికి పోదామనే కదా. ఒక్క మాట అడిగి ఉండరాదా?"

"ఎలా అడగను? మీరు తలుపు వెనక."

"అవును. తలుపు వెనక," అంది. గుడ్డ మడత పెడుతూ, "అది పోయినాంక కూడా తలుపు వెనకే."

సముద్రం, ఏడాది, తలదివసం అని నేనేదో అనబోయాను. చేతితో తోసేసింది. "అది సీనప్ప మాట. పొమ్మనింది అదే కదా. అదే పొమ్మన్నాక యా సముద్రం అడ్డం వస్తాది?"

మూత పెట్టింది. పైట సవరించుకుని తలుపు వెనక్కి వెళ్లిపోయింది. కాసేపటికి లోపలి నుంచి, రోలుకో నాకో తెలియదు, వినిపించింది.

"అన్నం చల్లారిపోతాంది. ఈ పొద్దు నేనూ తింటాను."

తంతి ఫారం జేబులోనే ఉంది. పోస్టాఫీసుకు వెళ్లలేదు.

మే 21

ఆమె చివరి మాట కిరోసిన్ గురించి కాదు.

మే 22, బుధవారం

తంతి ఫారం చింపేశాను. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన ఏమీ అడగకుండా చెయ్యి పట్టుకుని ఊపాడు. సెలవు మంజూరు కాగితం ఆయన సొరుగులోనే ఉంది. రద్దు చేయలేదట. "మీరు మనసు మార్చుకుంటారని కాదు సార్, గుమాస్తా సెలవులో ఉన్నాడు" అన్నాడు. అబద్ధం. గుమాస్తా పక్కనే కూర్చుని ఉన్నాడు.

నా ఉత్తరం ఇంకా మొరప్పూరులో సీలు వేసిన మూటలో ఉంది. సమ్మె తీరాక ఎప్పుడో మద్రాసు చేరుతుంది. ఇంటి పరిస్థితుల వల్ల నేను రావడం లేదని వాళ్లు అప్పుడు చదువుకుంటారు. అప్పటికి నేను రోములోనో, ఒక్క పూట వెనిసులోనో ఉంటాను.

మధ్యాహ్నం సీనప్ప వచ్చాడు. సంగతి విని చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"అమ్మే పొమ్మనిందా?"

"అమ్మ తర్వాత. ముందు మీ అక్క పొమ్మంది."

అతను పటం వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "సరి. మారి చెప్పిందీ ఒక విధంగా నిజమే. కాకి పైన పోతే ఇంట్లోకి వచ్చినట్లు కాదు" అన్నాడు. మారమ్మ పెరట్లో ఉంది. వినలేదు. వింటే అతణ్ణి బతకనివ్వదు.

కాసేపటికి మారమ్మ గుమ్మంలోకి వచ్చి నన్నడిగింది. "సీమెన్నె వెనక్కి అడగరు కదా అయ్యా? సగం కాలిపాయె." అడగనన్నాను.

అత్తమ్మ ఇవాళ మళ్లీ ఎదుటికి రాలేదు. మూటలు కట్టి గదిలో పెట్టుకుంది. రేపు నన్ను పంపి, తను సీనప్పతో కడత్తూరు పోతుంది. సాయంత్రం లోపలి నుంచి మాట వచ్చింది. "జులై నెలకి వచ్చి ఇల్లు తెరిచి పెడతాను." గడియారం వైపు చూడకుండా, తలుపు వైపు తిరిగి సరేనన్నాను.

పెట్టెలో రెండు కోట్లు, చరిత్ర పుస్తకం ఒకటి. డబ్బా పెట్టెలో పట్టలేదు. బలవంతంగా పట్టించలేదు. బల్ల మీదే ఉంది. ఇవాళ దాన్ని ముట్టుకోలేదు.

రేపు పొద్దున కృష్ణగిరి మీదుగా పోయే బస్సెక్కి మద్రాసు వెళ్తాను. డబ్బా ఒళ్లో పెట్టుకుంటాను. ఇల్లు కదిలే ముందు అత్తమ్మను తలుపు ఇవతలికి రమ్మని, ఎదురుగా నిలబడి పోయొస్తానని చెబుతాను. అంతకంటే ముందు వసారాలో, ఆ మంచం ఉన్నచోట కూర్చుని, సీమ డబ్బా మూత గట్టిగా ఉందో లేదో చూస్తాను. చేతికి వాసన అంటుతుంది. కడుక్కోను.